నోరు కట్టుకోవాలా, పొట్ట కుదించుకోవాలా?

పాతికేళ్లకే తూకం వంద కిలోల దగ్గరికి చేరిందంటే సలహాలకు కొదవ ఉండదు. "కాస్త నోరు కట్టుకుంటే అదే తగ్గుతుంది" అంటారు ఇంట్లోవాళ్లు. రోడ్డు పక్క హోర్డింగేమో కీహోల్ ఆపరేషన్, మూడో రోజుకు ఇంటికి, సులభ వాయిదాలు అంటుంది. ఇంట్లోవాళ్లకు ఆపరేషన్ అంటే ఒళ్లు వంచలేనివాళ్ల అడ్డదారి. హోర్డింగ్ పెట్టినవాళ్లకు డైటింగ్ అంటే వృథా ప్రయాస. ఇద్దరూ చెప్పనిదేమిటంటే, డైటింగ్‌తో ఎంత తగ్గుతుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో, ఆపరేషన్ ఏమిచ్చి ఏం పుచ్చుకుంటుందో పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచారు. ఆ లెక్కలు ముందు పెట్టుకుంటే ఎవరికి ఏ దారో చాలావరకు తేలిపోతుంది.

లెక్క తేల్చుకోవాల్సినవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో బరువు ఎక్కువున్నవారు దేశం మొత్తమ్మీద 24 శాతం. తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. మగవాళ్లలోనూ రెండు రాష్ట్రాలూ 30 శాతం దాటేశాయి.

ముందు కొలత

కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మనవాళ్లకు గీత ఇంకా కిందే: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అంతే బీఎంఐ ఉన్న యూరప్ మనిషితో పోలిస్తే మన ఒంట్లో కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ. షుగర్ కూడా త్వరగా పలకరిస్తుంది. అందుకని తూకంతో సరిపెట్టుకోకుండా టేపు కూడా తీయాలి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాల్సిందే.

ఆపరేషన్ ఎవరికన్నదానికి 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు గీసిన గీత ముప్పై ఏళ్లపాటు ప్రపంచమంతా చెల్లింది. బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి దానితోపాటు బరువు వల్ల వచ్చిన జబ్బు ఉండాలి. 2022లో అమెరికాలో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘం, వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సవరించాయి. 35 దాటితే జబ్బు ఉన్నా లేకున్నా సిఫార్సు చేయవచ్చని, 30-35 మధ్య షుగర్ లాంటివి ఉంటే పరిశీలించవచ్చని, ఆసియా వాసులకు 27.5 నుంచే ఈ అవకాశం చెప్పవచ్చని అన్నాయి.

ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఉన్నారనుకుందాం. ఇద్దరిదీ 160 సెంటీమీటర్ల ఎత్తే. అక్కకు 26 ఏళ్లు, 96 కిలోలు, బీఎంఐ 37.5. ఏడాది కిందట షుగర్ బయటపడింది, నెలసరి సరిగా రావడం లేదు, రాత్రి గురకతో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తోంది. చెల్లెలికి 23 ఏళ్లు, 72 కిలోలు, బీఎంఐ 28. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. బరువు తగ్గాలన్న కోరిక ఇద్దరికీ సమానమే. 27.5 గీత చూపించి చెల్లెలిని కూడా ఆపరేషన్ బల్ల ఎక్కించాలని చూసేవాళ్లు ఉండకపోరు. ఆ గీత దాటినంత మాత్రాన ఆపరేషన్ తప్పనిసరి అని కాదు, దాని గురించి మాట్లాడుకోవచ్చని మాత్రమే.

డైటింగ్‌తో ఎంత?

అమెరికాలో 'లుక్ అహెడ్' పేరుతో షుగర్ ఉన్న 5,145 మందిమీద పెద్ద అధ్యయనం జరిగింది. అందులో సగం మందికి డైటీషియన్లు, వ్యాయామ శిక్షకులు, వారం వారం సమావేశాలు అన్నీ సమకూర్చారు. మొదటి ఏడాది వాళ్లు సగటున 8.6 శాతం బరువు తగ్గారు. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే నిలిచింది 4.7 శాతం. అంతమంది అండ ఉన్నా ఫలితం అంతే.

అయితే ఆ అంకెను చులకనగా చూడకూడదు. షుగర్ అంచున ఉన్నవాళ్లు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో మరో అమెరికా అధ్యయనం తేల్చింది. తిండి, నడక మార్చుకుంటే మనవాళ్లలోనూ ఆ ముప్పు పావు వంతుకు పైగా తగ్గుతుందని 2006లో వచ్చిన భారతీయ అధ్యయనం చెప్పింది. పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో చాలామందికి 5-10 శాతం బరువు తగ్గితేనే నెలసరి గాడిన పడుతుంది.

ఇక ఏ డైట్ మంచిదన్న వాదనకు మన ఇళ్లలో అంతు లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంటలు, వీరమాచనేని రామకృష్ణ ద్రవాహారం, ఖాదర్ వలీ సిరిధాన్యాలు ఒక్కో కాలంలో ఊళ్లను ఊపేశాయి. ప్రతి పద్ధతిలోనూ తగ్గినవాళ్లు దొరుకుతారు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు కొవ్వు, మరో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాదిపాటు చూసింది. రెండు జట్లూ సగటున తగ్గింది ఇంచుమించు ఒకటే, 5-6 కిలోలు. ఏ పద్ధతి అన్నదానికంటే ఏడాది తర్వాత కూడా దాన్ని పాటించగలమా అన్నదే ముఖ్యమన్నమాట. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదన్నాయి. మన కంచంలో ఇప్పుడున్నది దానికంటే బాగా ఎక్కువ. అన్నంలో నంజుకోవడానికి కూర, పప్పు కాకుండా, కూర పప్పులకు తోడుగా కాస్త అన్నం పెట్టుకుంటే సగం డైటింగ్ అయినట్టే.

తగ్గిన బరువు తిరిగి ఎందుకు వస్తుంది?

"నోటి మీద అదుపు లేదు" అని ఎవరినైనా అనేముందు ఈ సంగతి తెలియాలి. జీతం తగ్గిన ఇల్లు ఖర్చు తగ్గించుకున్నట్టు, తిండి తగ్గగానే శరీరం కేలరీల ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. విశ్రాంతిలో వాళ్ల శరీరం ఖర్చుపెట్టే శక్తి, ఆ బరువు మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆరేళ్లయినా ఆ పొదుపు వదల్లేదు.

ఆకలి సంగతీ అంతే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. కఠినమైన డైట్‌తో పది వారాల్లో బరువు తగ్గినవాళ్లలో గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గాయని, ఏడాది గడిచినా అవి మునుపటి స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఐదారు కిలోలు తగ్గాలనుకునేవాళ్లు ఈ ఎదురీత ఈదగలరు. ముప్పై కిలోలు తగ్గాల్సినవాళ్లకు ఇది జీవితాంతం సాగే కుస్తీ.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

మొదట ఒక అపోహ తొలగాలి. లైపోసక్షన్ వేరు, ఇది వేరు. నటి ఆర్తీ అగర్వాల్ 2015లో అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి మన దగ్గర చాలామంది రెండింటినీ కలిపేసి భయపడుతుంటారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగేస్తుంది. అది రూపం కోసం చేసేది, దానివల్ల షుగర్ తగ్గదు. బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణాశయం మీద చేస్తారు.

ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది స్లీవ్. జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం కోసి తీసేసి సన్నటి నిలువు గొట్టంగా మిగులుస్తారు. తీసేసింది తిరిగి రాదు. గ్రెలిన్ తయారయ్యే భాగం ఎక్కువగా అందులోనే పోతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. రెండోది బైపాస్. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి, చిన్నపేగును దానికి కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి దిగుతుంది. కడుపు నిండిన భావన కలిగించే హార్మోన్లు పెరుగుతాయి. షుగర్ చాలాసార్లు బరువు తగ్గకముందే అదుపులోకి వస్తుంది.

అనుభవజ్ఞుల చేతిలో నెల లోపు ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి. దాదాపు నూటికి ఒకరిలో కుట్లు వేసినచోట లీకు వస్తుంది. అది చిన్న విషయం కాదు, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు.

ఫలితం మాత్రం డైటింగ్‌తో పోల్చలేనంత. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చేయించుకోనివాళ్లు అని రెండు జట్లలో సుమారు రెండేసి వేల మందిని దశాబ్దాలపాటు గమనించారు. పదేళ్ల తర్వాత బైపాస్ చేయించుకున్నవాళ్లు 25 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్ల బరువు ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ జట్టు ఆయుర్దాయం సుమారు మూడేళ్లు పెరిగింది.

ఇప్పుడు అక్కాచెల్లెళ్ల లెక్క వేద్దాం. డైటింగ్‌తో 8 శాతం తగ్గి నిలబెట్టుకుంటే చెల్లెలు 66 కిలోలకు వస్తుంది, బీఎంఐ 26. ఇంకొంచెం పట్టుదలగా నడిస్తే ఆ వయసుకు అంతకన్నా కావలసింది లేదు. అదే 8 శాతం తగ్గితే అక్క 88 కిలోల దగ్గర ఆగుతుంది. షుగర్ కొంత మెరుగవుతుంది గానీ బీఎంఐ ఇంకా 34. ఆపరేషన్‌తో 25 శాతం తగ్గితే 72 కిలోలు. అంటే చెల్లెలు బయలుదేరిన చోటికి అక్క చేరుకుంటుంది. ఆపరేషన్ అక్కను సన్నజాజి తీగను చేయదు. డైటింగ్ పనిచేసే పరిధిలోకి తెచ్చి వదులుతుంది. అక్కడి నుంచి నిలబెట్టుకోవాల్సింది తిండి, నడకలతోనే. ఆపరేషన్ డైటింగ్‌కు బదులు కాదని అందుకే అంటారు.

చిన్న వయసు కలిసొచ్చేది ఎక్కడ, కలిసిరానిది ఎక్కడ?

షుగర్ కొత్తగా వచ్చినవాళ్లలో క్లోమం ఇంకా ఓపికతో ఉంటుంది. బైపాస్ చేయించుకున్న టీనేజర్లను, పెద్దవాళ్లను ఐదేళ్ల తర్వాత పోల్చిన అమెరికా అధ్యయనం 2019లో వెలువడింది. బరువు ఇద్దరూ ఇంచుమించు ఒకేలా తగ్గారు. షుగర్ మాత్రం చిన్నవాళ్లలో 86 శాతం మందికి, పెద్దవాళ్లలో 53 శాతం మందికి వెనక్కి తగ్గింది. నిజంగా అవసరమున్న మనిషి "ఇంకో పదేళ్లు చూద్దాం" అనుకోవడానికి కూడా ఖరీదు ఉందన్నమాట.

రెండో పక్క కూడా చూడాలి. అరవై ఏళ్ల మనిషి చిన్న జీర్ణాశయంతో గడపాల్సింది ఇరవై ఏళ్లయితే, పాతికేళ్ల మనిషి గడపాల్సింది యాభై ఏళ్లు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. చిన్నవాళ్లలో ఐరన్ నిల్వలు తగ్గిపోవడం పెద్దవాళ్లలో కంటే ఎక్కువగా కనిపించింది. ముప్పై లోపు గట్టిపడాల్సిన ఎముకలు బైపాస్ తర్వాత పలచబడే వీలుంది. స్లీవ్ చేయించుకున్నవాళ్లను పదేళ్లు గమనించిన ఫిన్లండ్ అధ్యయనంలో 31 శాతం మందికి అన్నవాహికలో పుండ్లు, వాపు కనిపించాయి. బైపాస్ జట్టులో అది 7 శాతమే. ఇప్పటికే ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు స్లీవ్‌కు ఒప్పుకునేముందు ఎండోస్కోపీ చేయించుకోవడం మంచిది.

మన దగ్గర ఈ నిర్ణయం చాలాసార్లు పెళ్లి మాటల నడుమ పుడుతుంది. ముహూర్తం చూసి చేయించుకునే ఆపరేషన్ కాదిది. ఆ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు వైద్యులు. బరువు తగ్గేకొద్దీ పీసీఓడీ అమ్మాయిల్లో గర్భం వచ్చే అవకాశం ఉన్నట్టుండి పెరుగుతుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. ఆపరేషన్ సంగతి దాచి పెళ్లి చేస్తే మొదటి ఏడాదే చిక్కులు మొదలవుతాయి. అబ్బాయిలకు చెప్పాల్సింది మందు గురించి. బైపాస్ తర్వాత అది రక్తంలోకి గబగబా ఎక్కుతుంది. రెండో ఏడాది నుంచి తాగుడు అలవాటుగా మారినవాళ్లు పెరగడం అధ్యయనాల్లో కనిపించింది. దిగులు, విపరీతంగా తినేసే జబ్బు ఉన్నవాళ్లు ముందు వాటికి చికిత్స తీసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొద్దిమందిలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్టు కూడా గమనించారు కాబట్టి మానసిక వైద్యుల పరీక్షను తంతుగా చూడకూడదు.

ఆపరేషన్ తర్వాత కంచం

తొలి రెండు వారాలు పలచని మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన సూప్. తర్వాత మెత్తగా మెదిపినవి. నెల దాటాక మెత్తటి ఇడ్లీ ఒకటి తినడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. గబగబా మింగితే ఛాతీలో అడ్డం పడ్డట్టుంటుంది, వాంతి అవుతుంది. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. కంచంలో ముందు తినాల్సింది గుడ్డు, చికెన్, చేప, పనీర్, పప్పు లాంటి ప్రొటీన్ పదార్థం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. శాకాహారులకు అది పౌడర్ లేకుండా కుదరడం కష్టం. బైపాస్ చేయించుకున్న మనిషి పెళ్లిలో రెండు లడ్డూలు తింటే కాసేపటికి చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది, పోషణ బాగుంటే తిరిగి వస్తుంది. చర్మం వేలాడటం చాలామందిని బాధిస్తుంది. త్వరగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగితే పుండ్లు పడతాయి.

ఏడాదిన్నర, రెండేళ్లకు బరువు అట్టడుగుకు చేరి, ఆ తర్వాత కొంత పెరగడం మామూలే. కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు, మిక్చరు లాంటివి చిన్న పొట్టలోంచి కూడా సులువుగా జారిపోతాయి. పూర్తిగా తిరిగి పెరిగినవాళ్లలో చాలామంది పట్టుబడేది అక్కడే.

ఇంజెక్షన్ల దారి

ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. బైపాస్ తర్వాత పేగులో పెరిగే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను పోలిన మందులివి. సెమాగ్లుటైడ్ వారానికో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్లు 72 వారాల్లో సుమారు 20 శాతం తగ్గారు. 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ మన మార్కెట్‌లోకి వచ్చాయి. వాంతులు, మలబద్ధకం ఇబ్బంది పెడతాయి. ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని సెమాగ్లుటైడ్ అధ్యయనం చెబుతోంది. బీఎంఐ 30-35 మధ్య ఉండి డైటింగ్‌తో ఫలితం రానివాళ్లు ఆపరేషన్‌కు ముందు వైద్యులతో ఈ మాట కదపడం సబబే. ఎన్నేళ్లు కొనగలమన్న లెక్క మాత్రం ముందే వేసుకోవాలి.

డబ్బు, బీమా

కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు కొన్ని లక్షలవుతాయి. బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం ఆరోగ్య బీమా దీనికి వర్తించాలంటే వయసు 18 నిండాలి, వైద్యుడి సలహా ఉండాలి, బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), మందులకు లొంగని షుగర్ వంటివి ఉండి, మిగతా పద్ధతులు ఫలించకపోయి ఉండాలి. సర్జన్ల కొత్త గీతకూ బీమా గీతకూ ఇంత తేడా ఉంది. మన అక్క షుగర్ మందులతో అదుపులో ఉంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కాబట్టి ముందస్తు అనుమతి కాగితం చేతికి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోవాలి. డైటీషియన్ చీటీలు, పాత పరీక్షల రిపోర్టులు జాగ్రత్తగా దాచుకుంటే ఇక్కడ అక్కరకొస్తాయి.

ఎలా తేల్చుకోవాలి?

బీఎంఐ 30 లోపు ఉండి జబ్బులేమీ లేకపోతే ఆపరేషన్ మాట పక్కన పెట్టేయవచ్చు. ఆరు నెలలు నికరంగా ప్రయత్నించాలి. అంటే ఇంటర్నెట్‌లో దొరికిన డైట్ పదిహేను రోజులు చేసి వదిలేయడం కాదు. డైటీషియన్ దగ్గర కంచం లెక్క రాయించుకుని, వారానికి రెండు రోజులు బరువులెత్తి, మిగతా రోజులు నడిచి, రాత్రి ఏడు గంటలు నిద్రపోయి చూడాలి. థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి గానీ అంతా దానిమీదకే నెట్టకూడదు. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి. అవి వాడుతుంటే సొంతంగా ఆపకుండా, మార్చే వీలుందేమో రాసిన డాక్టర్నే అడగాలి.

బీఎంఐ 35 దాటి షుగరో, స్లీప్ ఆప్నియానో, తీవ్రమైన ఫ్యాటీ లివరో ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడటానికి మొహమాటపడాల్సిన పని లేదు. "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అనే మాట అక్కడ వైద్యం కాదు. మధ్యలో ఉన్నవాళ్లకు జబ్బు ఎంత ముదిరిందన్నదే దారి చూపిస్తుంది.

సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి. నాకు స్లీవ్ ఎందుకు, బైపాస్ ఎందుకు కాదు? ఏటా ఎన్ని చేస్తారు? లీకు వస్తే ఈ ఆసుపత్రిలోనే చూసుకోగలరా, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? ఐదేళ్ల కిందట చేయించుకున్నవాళ్లలో ఎంతమంది ఇప్పటికీ పరీక్షలకు వస్తున్నారు? చివరి ప్రశ్నకు తడబడని చోటునే నమ్మవచ్చు.

తర్వాత ఒక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి. ఉద్యోగం బెంగళూరుకు మారినా, డాలస్‌కు వెళ్లినా రోజూ మాత్రలు వేసుకుని ఏటా రక్తపరీక్ష చేయించుకుంటారా? నమ్మకంగా ఔనని చెప్పలేకపోతే ఈ ఏడాదికి ఆపరేషన్ ఆపి, ముందు ఆరు నెలలు డైటీషియన్ చెప్పింది తప్పకుండా చేసి చూడండి. దాన్ని నిలబెట్టుకోగలిగినవాళ్లు ఆపరేషన్ తర్వాతి జీవితాన్నీ నిలబెట్టుకోగలరు. కొందరికి ఆ ఆరు నెలలతోనే ఆపరేషన్ అవసరం తీరిపోతుంది. తీరనివాళ్లు మరింత సిద్ధపడి, కాలేయం వాపు తగ్గి, తక్కువ ముప్పుతో ఆపరేషన్‌కు వెళతారు.